కాక్స్, మిల్స్, పాయింట్ పదిహేను, స్పార్క్: పాత మోడల్ విమానాల చిన్న ఇంజన్లలో బెజవాడ వాతావరణానికి ఏది సరిపోతుంది?

మోడల్ విమానానికి ఏ పాత ఇంజన్ కొనమంటారని అడిగినవాళ్లను నేను ముందు తిరిగి ఒకటే అడుగుతాను: దానికి పోసే ఇంధనం మీకు ఎక్కడ దొరుకుతుంది, ఇంట్లో ఎక్కడ పెడతారు? చాలామంది దీనికి సిద్ధంగా ఉండరు. ఇంజన్ ఫొటో చూసి మనసు పారేసుకుంటారు, పార్సిల్ వచ్చాక ఇంధనం కోసం తిరగడం మొదలుపెడతారు. ఆరు నెలలు తిరిగి, ఇంజన్ను షోకేసులో పెట్టేస్తారు. చక్కగా తిరగాల్సిన యంత్రం అలా బొమ్మలా మిగిలిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ సలహా ముఖ్యంగా ముగ్గురి కోసం రాస్తున్నాను. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ రోజుల నాటి ఇంజన్ ఇంట్లో బీరువా అడుగున దొరికినవారు ఒకరు. పిల్లలతో కలిసి తీగల విమానం (చేతిలో పట్టుకున్న స్టీలు తీగలతో మన చుట్టూ తిప్పుతూ ఎగరేసేది) ఎగరేయాలనుకుంటున్నవారు ఇంకొకరు. ఎగరేయకపోయినా పర్వాలేదు, ఆదివారం పొద్దున బల్లకు బిగించి ఆ చప్పుడు వింటే చాలనుకునేవారు మూడోవారు. ముగ్గురికీ ఒకే ఇంజన్ సరిపోదు.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది ఇంధనం. గ్లో ఇంజన్ (ఎర్రగా కాలే చిన్న తీగతో ఇంధనాన్ని అంటించేది) తాగేది మిథనాల్, ఆముదం, కొంచెం నైట్రోమీథేన్. మోడల్ డీజిల్ ఇంజన్ తాగేది ఈథర్, కిరోసిన్, ఆముదం. పేరులో డీజిల్ ఉందని బంకులో డీజిల్ పోస్తే అది స్టార్టే కాదు. స్పార్క్ ఇంజన్‌కు పెట్రోలు, చిక్కటి ఇంజన్ ఆయిల్ కావాలి.

రెండోది మన వాతావరణం. విదేశీ మాన్యువల్స్‌లో దీని గురించి ఒక్క ముక్క కూడా కనిపించదు. ఈథర్ మరిగేది సుమారు 35 డిగ్రీల దగ్గర. విజయవాడ, గుంటూరుల్లో మార్చి చివరికే మధ్యాహ్నం అంతకంటే వేడిగా ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె సంగతి ఇక చెప్పేదేముంది. మిథనాల్ మరిగేది 65 దగ్గర, కాబట్టి ఎండతో దానికి పెద్ద ఇబ్బంది లేదు. దాని గొడవంతా తేమతో. గాలిలోని తడిని అది పీల్చేస్తుంది. ఆగస్టులో కృష్ణ నిండుగా పారుతూ గోడలు కూడా చెమటపట్టే రోజుల్లో, మూత సరిగా బిగించని మిథనాల్ డబ్బా పదిహేను రోజుల్లో నీరసపడుతుంది. అంటే డీజిల్‌కు ఎండాకాలం శత్రువు, గ్లోకు వానాకాలం శత్రువు. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

మూడోది విడిభాగాలు. నాలుగోది స్టార్ట్ చేయడానికి మీ దగ్గరున్న ఓపిక. ఐదోది స్థలం. దాని గురించి చివర్లో చెబుతాను.

| ఇంజన్ | మండించేది | ఎండాకాలం | వానాకాలం | సర్దుబాటు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| కాక్స్ .049 (0.049 ఘన అంగుళం, అంటే 0.8 సీసీ) | గ్లో హెడ్, 1.5 వోల్టులు | బాగుంటుంది | ఇంధనం మూత జాగ్రత్త | ఒక్క నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సర్దే సూది మర) | చిన్న స్థలం, చిన్న విమానం |
| మిల్స్ లేదా అరోరా 0.75, 1.3 సీసీ | కంప్రెషన్ వేడి | కష్టం | బాగుంటుంది | నీడిల్, కంప్రెషన్ మర | ఓపిక, చెవి ఉన్నవారికి |
| ఓఎస్, ఎన్యా .15 (0.15 ఘన అంగుళం, అంటే 2.5 సీసీ) | మామూలు గ్లో ప్లగ్ | బాగుంటుంది | ఇంధనం మూత జాగ్రత్త | నీడిల్, కొన్నింటికి థ్రాటిల్ | నిజంగా ఎగరేసేవారికి |
| పాత స్పార్క్ ఇంజన్లు | పాయింట్లు (కరెంటును కలిపి తెంచే కొనలు), కాయిల్, ప్లగ్ | బాగుంటుంది | పాయింట్లకు తుప్పు | నీడిల్, టైమింగ్ లివర్ | బల్ల మీద నడిపేవారికి |

కాక్స్ .049: చిన్నదే, కానీ ఇంధనం దగ్గర రాజీపడదు

అమెరికాలో లెరాయ్ కాక్స్ కంపెనీ 1950లలో తెచ్చిన బేబ్ బీ ఇంజన్ అరచేతిలో ఇమిడిపోతుంది. ట్యాంకు కూడా ఇంజన్ వెనకే అంటుకుని ఉంటుంది. విడిగా పైపులు, ట్యాంకు బిగించే పని లేదు. ముందున్న స్ప్రింగును ప్రొపెల్లర్‌కు తగిలించి, వెనక్కి ఒకటిన్నర చుట్టు తిప్పి వదిలితే చాలు, చాలాసార్లు మొదటి దెబ్బకే అందుకుంటుంది. ఆ స్ప్రింగు పిల్లల సౌకర్యానికి మాత్రమే పెట్టింది కాదు. ఇది రీడ్ వాల్వ్ ఇంజన్. అంటే గాలి, ఇంధనం లోపలికి రావడానికి తెరుచుకునే తలుపు ఒక పల్చటి రేకు. దానికి తిరిగే దిశతో పనిలేదు కాబట్టి ఇంజన్ వెనక్కి తిరుగుతూ కూడా స్టార్ట్ అవుతుంది. స్ప్రింగు దాన్ని సరైన దిశలో విసురుతుంది.

ఆ రేకు ఎంత సున్నితమో ఒకసారి విప్పి చూస్తేనే తెలుస్తుంది. బొటనవేలి గోరంత కూడా ఉండదు, ఊదితే ఎగిరిపోతుంది. దాని కింద ఇసుక రేణువు ఒకటి చేరినా ఇంజన్ తుమ్మి ఆగిపోతుంది. ఇంధనం పీల్చదు, లేదా పీల్చింది వెనక్కి ఉమ్మేస్తుంది. కాక్స్ స్టార్ట్ కావడం లేదని నా దగ్గరకు తెచ్చినవాటిలో ఎక్కువ వాటికి చేయాల్సి వచ్చింది ఒక్కటే: వెనక భాగం విప్పి, రేకును మిథనాల్‌లో ముంచి, నూలు పోగు కూడా రాలని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టడం.

ట్యూనింగ్ తేలిక. నీడిల్ పూర్తిగా మూసి, మూడు నాలుగు చుట్లు తెరవండి. స్టార్ట్ అయ్యాక బరబరమని తడిగా, తెరపితెరపిగా మోగుతుంది. మిక్చర్ రిచ్‌గా ఉందని, అంటే గాలితో పోలిస్తే ఇంధనం ఎక్కువైందని దాని అర్థం. నీడిల్‌ను కొద్దికొద్దిగా మూస్తూ వస్తే ఒకచోట ఆ బరబర పోయి, పట్టుచీర చించినట్టు సన్నటి ఏకధార చప్పుడు వస్తుంది. అక్కడ ఆగి, రవ్వంత వెనక్కి తెరవండి. ఇంకా వేగం వస్తుందేమోనని మూస్తూ పోతే ఇంజన్ వేడెక్కి, ఆముదం మాడి, పిస్టన్ పట్టేస్తుంది.

ఇబ్బందులు రెండు. కాక్స్‌లో పిస్టన్‌కూ కనెక్టింగ్ రాడ్‌కూ మధ్య పిన్ను ఉండదు, గుండు గిన్నెలో కూర్చున్నట్టు ఒక కీలు ఉంటుంది. దానికి నూనె సమృద్ధిగా కావాలి. కనీసం 20 శాతం నూనె, అందులో సగమైనా ఆముదం ఉండాల్సిందే. నైట్రో 10 నుంచి 25 శాతం మధ్య ఉంటే హాయిగా నడుస్తుంది. ఒక దుకాణంలో కాక్స్‌కైనా ఇదే వాడండి అని నాకు అమ్మిన డబ్బాలో నూనె తక్కువ, అదీ పూర్తిగా సింథటిక్. వారం వారం నడిపితే నాలుగో నెలకే కీలు వదులై, పిస్టన్ కిందికీ పైకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. డబ్బా మీద నూనె శాతం రాయని ఇంధనాన్ని ఆ తర్వాత నేను మళ్లీ ముట్టుకోలేదు.

రెండో ఇబ్బంది హెడ్. మామూలు ఇంజన్‌లో ప్లగ్ మారిస్తే సరిపోతుంది. కాక్స్‌లో గ్లో తీగ సిలిండర్ హెడ్‌లోనే కలిసి ఉంటుంది, కాలిపోతే హెడ్ మొత్తం మార్చాలి. సెల్ నీరసించిందని ఒకసారి బండి బ్యాటరీకి తగిలించాను. రెప్పపాటు తెల్లగా మెరిసి తీగ తెగిపోయింది. కొత్త హెడ్ సముద్రాలు దాటి రావడానికి నెలన్నర పట్టింది. 1.5 వోల్టులకు మించి ఇవ్వకండి. మంచి పెద్ద సెల్ ఒకటి, లేదా 1.2 వోల్టుల రీఛార్జబుల్ సెల్ ఒకటి చాలు.

మిల్స్, అరోరా: చేతికి చదువు చెప్పే ఇంజన్

ఇంగ్లండులో 1946లో వచ్చిన మిల్స్ 1.3, దాని వెనకే వచ్చిన 0.75 సీసీ తమ్ముడు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. మనకు ఇవి మరింత దగ్గరివి. కలకత్తాలో అరోరా పేరుతో వీటి నకళ్లు తయారయ్యాయి. మన ఇళ్లలో బీరువాల్లోంచి బయటపడేవాటిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. అసలు మిల్స్ అంత నునుపు పని అన్నింటిలోనూ ఉండదు. ఒకటి వెన్నలా తిరిగితే, ఇంకోటి బిర్రుగా ఉంటుంది. కానీ సరిగ్గా కుదిరిన అరోరా మీ మనవళ్లు కూడా తిప్పుకోగలిగినంత గట్టిది.

దీనికి బ్యాటరీ లేదు, ప్లగ్ లేదు. సిలిండర్ పైన ఒక మర, దాని కింద కదిలే చిన్న దిమ్మ. మరను బిగిస్తే దిమ్మ కిందికి దిగి కంప్రెషన్ పెరుగుతుంది. ఆ ఒత్తిడి వేడికే ఈథర్ అంటుకుంటుంది. అంటే మీ చేతిలో రెండు పిడులు: ఇంధనం నీడిల్ ఒకటి, కంప్రెషన్ మర ఒకటి. ఒకదాన్ని తిప్పితే రెండోదీ మారుతుంది. కొత్తవాళ్లు ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. నేర్చుకున్నవాళ్లు ప్రేమలో పడేదీ ఇక్కడే.

నేను నేర్పే పద్ధతి ఇది. తెలిసిన సెట్టింగు నుంచి కంప్రెషన్ అర చుట్టు వదులు చేయండి. నీడిల్ రెండు చుట్లు తెరవండి. ఎగ్జాస్ట్ రంధ్రంలో రెండు చుక్కల ఇంధనం వేసి, ప్రొపెల్లర్‌ను గట్టిగా, వేగంగా చప్పున కొట్టండి. టప్‌మని ఒక్క పేలుడు కూడా రాకపోతే కంప్రెషన్ కొంచెం కొంచెం బిగిస్తూ కొట్టండి. అందుకున్న తర్వాత తొందరపడకండి. టకటక తప్పుతూ పోతుంటే కంప్రెషన్ తక్కువ, బిగించాలి. బరువు మోస్తున్నట్టు మూలుగుతూ వేగం తగ్గుతుంటే కంప్రెషన్ ఎక్కువ, వదలాలి. వేడెక్కేకొద్దీ కొంచెం వదలాల్సి వస్తుంది. ఎగ్జాస్ట్ నుంచి కారే నూనె నల్లగా, చిక్కగా ఉంటే ఎక్కువ బిగించారని గుర్తు.

ఒక హెచ్చరిక మాత్రం మర్చిపోకండి. ఇంధనం ఎక్కువై సిలిండర్ నిండితే ప్రొపెల్లర్ గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ద్రవం నలగదు కాబట్టి అప్పుడు బలం పెడితే రాడ్ వంగుతుంది. ఆ గట్టిదనం వేలికి తెలిసిన వెంటనే కంప్రెషన్ పూర్తిగా వదిలి, ఇంజన్ను తలకిందులు చేసి, ఇంధనం కారిపోయేదాకా మెల్లగా తిప్పండి.

ఇంధనం సంగతికి వస్తే, పాతకాలపు లెక్క మూడు సమానపాళ్లు: ఈథర్, కిరోసిన్, ఆముదం. పైన ఒకటి రెండు శాతం మంట తొందరగా పుట్టించే మందు కలుపుతారు. కిరోసిన్ ఇప్పుడు ఒకప్పుడంత తేలిగ్గా దొరకడం లేదు. అసలు చిక్కు ఈథర్‌తోనే. ఏప్రిల్, మే నెలల్లో పొలంలో సీసా మూత తీసిన ప్రతిసారీ ఈథర్ కొంత గాలిలో కలిసిపోతుంది. పొద్దున ఏడింటికి చక్కగా అందుకున్న ఇంజన్ తొమ్మిదింటికి ఎంత కొట్టినా పలకదు. ఇంజన్ చెడిందనుకుంటారు, కానీ చెడింది సీసా. ఈథర్ ఆవిరి గాలికంటే బరువు. నేల వెంట పాకుతూ వెళ్లి పక్కగదిలో ఉన్న పొయ్యిని కూడా అందుకుంటుంది. కాబట్టి ఇంట్లో, ముఖ్యంగా మామూలు ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫ్రిజ్ లోపలి స్విచ్ నిప్పురవ్వ చాలు. పాతబడిన ఈథర్‌లో పేలే పెరాక్సైడ్లు తయారవుతాయి. సంవత్సరాల తరబడి దాచిన సీసా దొరికితే మూత కూడా తీయకండి. తెలిసిన కెమికల్ ల్యాబు వాళ్ల సలహా తీసుకోండి.

ఇన్ని చెప్పినా, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నాలుగు నెలల కోసం అరోరాను వదులుకోవద్దంటాను. మంచు పట్టిన పొద్దున, ఈథర్ వాసనతో, ఎనిమిదంగుళాల ప్రొపెల్లర్‌ను నింపాదిగా తిప్పుతూ దబదబమని సాగే ఆ చప్పుడు మరే ఇంజన్‌కూ రాదు.

ఓఎస్, ఎన్యా .15: ఎగరేయడమే లక్ష్యమైతే ఇదే

ఒసాకాలో 1936లో మొదలైన ఓఎస్ ఇంజన్లు, వాటికి దీటైన జపాన్ ఎన్యాలు మన దేశంలో చాలామంది చేతులు మారాయి. 2.5 సీసీ సైజులో పాతవి దొరికితే కళ్లు మూసుకుని కాకపోయినా, కళ్లు తెరిచి చూసి కొనొచ్చు. నైట్రో లేకపోయినా, ఐదు పది శాతం ఉన్నా నడుస్తాయి. ప్లగ్ ఏ హాబీ దుకాణంలో అయినా దొరికే మామూలు ప్లగ్. కాక్స్ లాగా ఇంధనం దగ్గర మారాం చేయవు, డీజిల్‌లా రెండు పిడుల తకరారు లేదు. 8×4 ప్రొపెల్లర్ (ఎనిమిదంగుళాల పొడవు, నాలుగంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) పెట్టి తీగల విమానానికి బిగిస్తే ఆదివారమంతా ఎగరేయొచ్చు.

వీటి ట్యూనింగ్‌కు నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. ఇంజన్ తిరుగుతుండగా ఇంధనం పైపును వేళ్లతో క్షణంపాటు నొక్కి వదలండి. వేగం ఒక్కసారి ఎగసి తర్వాత తగ్గితే మిక్చర్ కాస్త రిచ్‌గా ఉంది, అది మంచిదే. ఎగసిపోకుండా నేరుగా పడిపోతే లీన్‌గా ఉంది, అంటే ఇంధనం తక్కువైంది, నీడిల్ తెరవండి. ఆ తర్వాత విమానం ముక్కు ఆకాశానికి ఎత్తి పట్టుకోండి. అప్పుడూ ఆగకుండా పాడుతుంటే ఎగరడానికి సిద్ధం. పొద్దున ఆరింటికి కుదిరిన నీడిల్ పదకొండింటికి కుదరదు. ఎండ పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది, ప్రతి గంటకోసారి మళ్లీ చెవి పెట్టాలి.

మిథనాల్ గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. అది విషం. కల్తీసారా చావులకు, కళ్లు పోవడానికి కారణమయ్యేది ఇదే. అందుకే దాని అమ్మకంపై ప్రభుత్వ నిఘా ఉంటుంది, ఉండాలి కూడా. విడిగా కొని కలుపుకోవాలని చూడకుండా, నూనె శాతం స్పష్టంగా రాసిన రెడీమేడ్ హాబీ ఇంధనమే కొనండి. పోస్టులో, కొరియర్‌లో రహస్యంగా తెప్పించుకోకండి. చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎన్నడూ పోయకండి. పట్టపగలు దాని మంట కంటికి కనపడదు. పక్కన బకెట్ నీళ్లు, తడి గోనెసంచి తప్పనిసరి.

స్పార్క్ ఇంజన్లు: తేలిక ఇంధనం, కష్టమైన మిగతావన్నీ

గ్లో ప్లగ్ 1947లో రే ఆర్డెన్ చేతుల మీదుగా మార్కెట్లోకి వచ్చేదాకా రాజ్యమేలినవి ఇవి. 1934 నాటి బ్రౌన్ జూనియర్ లాంటివి చూడ్డానికే కన్నులపండుగ. పెట్రోలు ఏ బంకులోనైనా దొరుకుతుంది. అయితే ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరును, పాత పెయింటును తింటుంది. నడిపిన వెంటనే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. నూనెగా ఆముదం వద్దు, పెట్రోలుతో సరిగా కలవదు. చిక్కటి మినరల్ ఆయిల్, మూడు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు. కాయిల్, కండెన్సర్, సెల్లుల బరువు వల్ల చిన్న విమానం మోయలేదు. బల్ల మీద నడిపి ఆనందించేవారికి మాత్రమే నేను సిఫారసు చేస్తాను.

మరి ఎవరు ఏది తీసుకోవాలి?

మొదటి ఇంజన్ కొంటున్నారా, ఏడాదంతా ఎగరేయాలా? .15 గ్లో. రెండో ఆలోచన వద్దు. పదేళ్ల పాపతోనో బాబుతోనో చిన్న విమానం, చిన్న స్థలం అయితే కాక్స్. కానీ ఆముదం దండిగా ఉన్న, నైట్రో ఉన్న ఇంధనం ముందు చేతికి వచ్చాకే ఇంజన్‌కు డబ్బు కట్టండి. లేత్ పని, ఫైలు పని ఇష్టమై, ఒక చప్పుడు వెనక కారణం వెతకడంలో గంటలు గడిపే స్వభావమైతే అరోరా. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన టర్నర్ ఒకరు పరిచయం ఉంటే మరీ మంచిది. వంగిన కంప్రెషన్ మర, అరిగిన ప్రొపెల్లర్ నట్టు లాంటివి నమూనా చూపిస్తే అక్కడ చేసిపెడతారు. పిస్టన్, సిలిండర్ మాత్రం మొదటి రోజే ఇవ్వకండి. వాటి మధ్య సందు వెంట్రుక మందంలో చిన్న వంతు మాత్రమే ఉంటుంది.

స్థలం విషయం. బ్యారేజీ కింద కృష్ణ ఇసుక తిన్నెలు చూడగానే నోరూరుతుంది కానీ, ఆ ఇసుక ఇంజన్‌కు గాజుపొడి. ప్రొపెల్లర్ లేపిన రేణువులను గాలి రంధ్రం పీల్చుకుంటుంది. కంకిపాడు వైపు, నల్లపాడు వైపు కోతలైన పొలాలే మేలు. అక్కడా కింద తడిపిన గోనెసంచి పరిచి స్టార్ట్ చేయండి. తీగల విమానమైతే తల ఎత్తి కరెంటు తీగలు చూసుకోండి. చేతిలోని స్టీలు తీగ పదకొండు కేవీ లైనుకు తగిలితే ప్రాణం దక్కదు. రిమోట్‌తో ఎగరేసేవారు 2021 డ్రోన్ నియమాలు చదివి, గన్నవరం విమానాశ్రయానికి తమ పొలం ఎంత దూరంలో, ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకున్నాకే బయల్దేరాలి.

ఇక బీరువాలో దొరికిన ఇంజన్ గురించి. దాని ప్రొపెల్లర్‌ను పట్టుకుని బలంగా తిప్పాలని చేయి లాగుతుంది. వద్దు. దశాబ్దాల నాటి ఆముదం లోపల లక్కలా గట్టిపడి ఉంటుంది, బలం పెడితే రాడ్ విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు నెమ్మదిగా వేడి చేసి, ఎగ్జాస్ట్‌లోనూ గాలి రంధ్రంలోనూ సన్నటి నూనె చుక్కలు వేసి, ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మళ్లీ వేడి, మళ్లీ నూనె. మూడో రోజో నాలుగో రోజో షాఫ్ట్ వెంట్రుకవాసి కదులుతుంది. అప్పుడు ముందుకూ వెనక్కూ, ఉయ్యాల ఊపినట్టు ఊపండి. కాఫీరంగు జిగురు మెల్లగా బయటికి కారుతుంది. అది కారడం ఆగి, నూనె తేటగా వచ్చాకే మొదటి పూర్తి చుట్టు తిప్పండి.